మువ్వెడు బంగారం: కొలంబస్ డే సెలవు గురించి ఒక ప్రసంగం

(అక్టోబరు రెండో ఆదివారం న్యూజెర్సీలో కొందరు తెలుగువాళ్లు కలుసుకున్న సమావేశంలో, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక విశ్రాంత సోషల్ మాస్టారు మాట్లాడిన పాఠం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

రేపు సోమవారం. రేపు సెలవు. ఎంతమందికి సెలవు? ఒక్కసారి చేతులెత్తండి. చూశారా, సగం చేతులు కూడా లేవలేదు. బ్యాంకుకు సెలవు, పోస్టాఫీసుకు సెలవు. మీ ఆఫీసులకు చాలావాటికి లేదు. ఒకరి పిల్లల బడికి ఉంది, పక్క ఊరి బడికి లేదు. పోనీ ఉన్నచోటయినా అది ఎవరి పేరున సెలవు? నది దాటి న్యూయార్క్ వెళ్లి అక్కడి బడుల క్యాలెండరు చూడండి. 2021 నుంచి అందులో ఇటాలియన్ వారసత్వ దినం, మూలవాసుల దినం అని రెండు పేర్లు కలిపి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం క్యాలెండరులో మాత్రం కొలంబస్ డే అనే ఉంది. ఒకటే సోమవారం, మనిషికో పేరు. ఇంత పెద్ద దేశం ఒక్క రోజుకు పేరు పెట్టుకోలేక ఇన్నేళ్లుగా తగువు పడుతోందంటే, ఆ తగువేమిటో మనం తెలుసుకోవాలా వద్దా? మీరు ఇక్కడే ఉంటున్నారు, ఇక్కడే పన్నులు కడుతున్నారు, కొందరు ఓటు కూడా వేస్తున్నారు. ఇది మనకు సంబంధం లేని గొడవ అనకండి.

నేను 31 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. అమెరికాను కనుగొన్నది ఎవరు? ఇది బిట్టు ప్రశ్న. ఒక మార్కు. కొలంబస్ అని రాసిన ప్రతి పిల్లవాడికీ ఆ మార్కు వేశాను. ఎన్ని వేల మందికి వేశానో లెక్క లేదు. ఒక్కసారి కూడా, ఒక్కసారంటే ఒక్కసారి కూడా, అప్పటికే అక్కడ మనుషులున్నారు కదా, వాళ్లు కనుక్కోలేదా అని నేను ఆగి అడగలేదు. పిల్లలూ అడగలేదు. ఇది తేలిక మాట కాదు, నాకు బాధగా ఉన్న మాట.

కనుగొనడం. ఆ మాట ఎలా పుట్టిందో చూడండి. కను, కొను. చూడటం, తీసుకోవడం. మన భాషలో ఆ రెండూ ఒకే మాటలో అతుక్కుని ఉన్నాయి. మామూలుగా మనం పట్టించుకోం. కొలంబస్ విషయంలో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. చూశాడు, తీసుకున్నాడు.

ఏం చూశాడు? 1492 అక్టోబరు 12 తెల్లవారాక, ఇప్పుడు బహామాస్ అంటున్నామే, అక్కడ ఒక చిన్న దీవి ఒడ్డుకు పడవలో దిగాడు. ఆ దీవికి పేరు లేదా? ఉంది. అక్కడి మనుషులు దాన్ని గ్వానహాని అనేవాళ్లు. వాళ్లను మనం టైనోలు అంటున్నాం. దిగగానే ఆయన జెండా పాతి, ఈ నేల స్పెయిన్ రాజుది, రాణిది అని పత్రం రాయించాడు. శాన్ సాల్వడార్ అని కొత్త పేరు పెట్టాడు. ఎవరి భాషలో రాయించాడు? స్పానిష్‌లో. చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్లలో ఒక్కరికయినా ఆ ముక్క అర్థమయిందా? ఇంటివాడు వాకిట్లో నిలబడి ఉండగా, వచ్చినవాడు ఇంటికి దస్తావేజు రాసుకున్నాడు.

వాళ్లకు ఏం ఇచ్చాడు? గాజు పూసలు ఇచ్చాడు, ఎర్ర టోపీలు ఇచ్చాడు. ఇంకొకటి కూడా ఇచ్చాడు. ఇదిగో, ఇలాంటిది. వెనకవాళ్లకు కనిపిస్తోందా? ఇది మా మనవరాలి గజ్జెల్లోంచి ఊడిన మువ్వ. ఆ కాలంలో యూరప్ దొరలు వేటకు పెంచే డేగల కాళ్లకు ఇలాంటి చిన్న మువ్వలు కట్టేవాళ్లు, డేగ ఎక్కడ వాలిందో చప్పుడును బట్టి తెలియడానికి. ఆ మువ్వలు ఓడలో వేసుకొచ్చారు. టైనోలకు అవి ఎంతో నచ్చాయి. చెవి దగ్గర పెట్టుకుని ఊపుకుని నవ్వారట. ఈ మువ్వను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ముందు వరుస నుంచి వెనక్కి పంపిస్తున్నాను. ఒక్కొక్కరూ అరచేతిలో పెట్టుకుని, ఎంత ఉందో చూసి పక్కవాళ్లకివ్వండి.

ఆయన ప్రయాణం దినచర్య రాసుకున్నాడు. అసలు ప్రతి పోయింది, లాస్ కసాస్ అనే స్పెయిన్ సన్యాసి ఎత్తి రాసుకున్న ప్రతి మిగిలింది. అందులో మొదటి రోజు రాతలోనే ఉంది, వీళ్లు మంచి పనివాళ్లు అవుతారని. రెండు రోజులు గడిచాక, అక్టోబరు 14న, యాభై మంది ఉంటే చాలు, వీళ్లందరినీ లొంగదీసి చెప్పిన పనల్లా చేయించవచ్చు అని రాశాడు. అప్పటికే ఏడుగురిని పట్టి ఓడ ఎక్కించాడు. ఇది ఆయన శత్రువులు రాసిన మాట కాదమ్మా. ఆయన తన రాజుకూ రాణికీ చూపించడానికి, మెప్పు కోసం రాసుకున్న మాట.

మర్నాటి ఏడు, అంటే 1493లో, 17 ఓడలతో, వెయ్యిమందికి పైగా మనుషులతో మళ్లీ వచ్చాడు. ఈసారి చూడటానికి రాలేదు. హిస్పానియోలా దీవి, అంటే ఈనాడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న దీవి, దానికి గవర్నరుగా వచ్చాడు. బంగారం తెస్తానని అక్కడ మాట ఇచ్చి వచ్చాడు, ఇక్కడ చూస్తే బంగారం అనుకున్నంత లేదు. ఏం చేయాలి? 1495లో పన్ను వేశాడు. బంగారం దొరికే ప్రాంతంలో 14 ఏళ్లు నిండిన ప్రతి మనిషీ మూడు నెలలకొకసారి బంగారు రజను తెచ్చి ఇవ్వాలి. ఎంత? కొలత ఏమిటి?

ఆ మువ్వ. డేగ కాలి మువ్వ. మువ్వెడు బంగారం.

మూడేళ్ల కిందట చెవి దగ్గర ఊపుకుని నవ్విన మువ్వ పన్ను కొలిచే మానిక అయింది. ఇప్పుడు ఆ మువ్వ ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలోనా అమ్మా? చూడండి, చిన్నగానే ఉంది కదా. దాన్ని ఏట్లో ఇసుక జల్లించి, రజను రజనుగా ఏరి నింపాలి. మూడు నెలలకొకటి. ఇంట్లో భార్యకొకటి, భర్తకొకటి, 14 ఏళ్ల పిల్లవాడికొకటి. పొలం ఎవరు చూడాలి? కర్రపెండలం ఎవరు నాటాలి? బంగారం లేని ప్రాంతం వాళ్లయితే మనిషికి 25 పౌండ్ల పత్తి తేవాలి. కట్టినవాడికి మెడలో వేసుకోవడానికి ఒక లోహపు బిళ్ళ ఇచ్చేవాళ్లు. బిళ్ళ లేకుండా దొరికితే శిక్ష. ఇదంతా ఎవరు రాశారు? ఆయన కొడుకు ఫెర్నాండో, తండ్రి జీవితచరిత్రలో. తండ్రిని పొగుడుతూ రాసిన పుస్తకంలో.

ఆ పన్ను కట్టడం ఎవరి వల్లా కాలేదు. జనం పొలాలు వదిలి కొండల్లోకి పారిపోయారు, తిండి లేక పడిపోయారు. అదే 1495లో సుమారు 1600 మంది టైనోలను పట్టి తెచ్చి, వాళ్లలో 550 మందిని నాలుగు ఓడల్లో ఎక్కించి స్పెయిన్‌లో అమ్మడానికి పంపారు. దారిలోనే దాదాపు 200 మంది చనిపోతే శవాలను సముద్రంలో పడేశామని ఆ ప్రయాణంలో ఉన్న ఇటలీ మనిషి, మికేలే ద కూనియో, జాబులో రాశాడు.

ఒక మాట సరిగ్గా చెప్పాలి. అక్కడి జనం అందరినీ ఈయనే చంపాడని నేను అనడం లేదు. ఆయన తరవాత వచ్చిన గవర్నర్లు ఇంకా ఘోరం చేశారు. 1518లో మశూచి వచ్చి మిగిలినవాళ్లలో ఎంతోమందిని తీసుకుపోయింది, మశూచికి ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. 1514లో స్పెయిన్‌వాళ్లు లెక్క తీస్తే ఆ దీవిలో పాతికవేల చిల్లర మందే తేలారు. మొదట ఎంతమంది ఉండేవాళ్లనేదాని మీద పండితులు లక్షల దగ్గర తగువు పడుతున్నారు, ఆ తగువులోకి నేను వెళ్లను. మువ్వ ఒక్కటి చాలు నాకు.

ఇక్కడ మీలో కొందరికి ఒక మాట నోటిదాకా వచ్చి ఉంటుంది. మాస్టారూ, అది ఆ కాలం, ఆ కాలంలో అందరూ అంతే, ఈనాటి కొలబద్దతో ఆనాటి మనిషిని కొలవకూడదు కదా? మంచి ప్రశ్న. నేనూ క్లాసులో ఇలాగే చెప్పేవాణ్ణి. సరే, ఈనాటి కొలబద్ద వద్దు. ఆ కాలం కొలబద్దే తీసుకుందాం.

ఆయనకు డబ్బిచ్చి పంపిన రాణి ఇసబెల్లా ఏమంది? నా ప్రజలను పంచిపెట్టడానికి ఈయనకు అధికారం ఎవరిచ్చారు అని అడిగిందని లాస్ కసాస్ రాశాడు. 1500లో అలా తెచ్చిన టైనోలలో కొందరిని విడిపించి వెనక్కి పంపమని ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడు బొబదియా అనే అధికారి వచ్చి విచారణ జరిపి కొలంబస్‌ను గొలుసులు వేసి ఓడ ఎక్కించి పంపాడు. ఆ గొలుసులు టైనోల కోసం వేసినవి కావు, అది కూడా చెప్పాలి. తమను ఉరితీశాడు, కొట్టాడు అని స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లే పెట్టిన ఫిర్యాదుల మీద వేసినవి. రాజూ రాణీ విడిచిపెట్టారు గానీ గవర్నరు పదవి మళ్లీ ఇవ్వలేదు. ఆ కాలంలో అందరూ అంతే అయితే ఆ కాలపు రాజే పదవి ఎందుకు తీసేశాడు?

ఇంకొకటి వినండి. 1511 డిసెంబరు 21. హిస్పానియోలా దీవిలోని సాంటో డొమింగోలో తాటాకు కప్పిన చర్చి. ఆదివారం. ఊళ్లో పెద్దలందరూ కూర్చున్నారు. వాళ్లలో కొలంబస్ పెద్ద కొడుకు డియేగో ఉన్నాడు, అప్పుడు అక్కడ అధికారం ఆయనదే. మోంటెసినోస్ అనే ఒక సన్యాసి లేచి నిలబడి ముఖాన అడిగాడు: "వీళ్లు మనుషులు కారా? వీళ్లకు ఆత్మలు లేవా?" ఆ ఒక్క ప్రశ్నకు పెద్దలు మండిపడి ఆయన మఠం మీదికి వెళ్లారు, మాట వెనక్కి తీసుకోమన్నారు. తరవాతి ఆదివారం ఆయన మళ్లీ లేచాడు. అదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. ఆ కాలంలోనే, ఆ దీవిలోనే, ఆ భాషలోనే ఆ ప్రశ్న వేసినవాడు ఉన్నాడు. మోంటెసినోస్ పేరున ఇక్కడ ఎవరికయినా సెలవు ఉందా?

మరి సెలవు ఎలా వచ్చింది? ఇది కూడా వినాలి, ఇది వినకుండా కొలంబస్‌ను తిట్టి వెళ్లిపోతే సగం నిజమే అవుతుంది.

కొలంబస్ పుట్టింది ఇటలీలో. ఆ ఇటలీ నుంచి వచ్చిన కూలీలు. పంతొమ్మిదో శతాబ్దం చివర ఓడలు ఓడలుగా వచ్చారు. గనుల్లో, రోడ్ల మీద, రేవుల్లో పనిచేశారు. నల్లగా ఉన్నారని, మతం వేరని, వాసన వేస్తారని ఇక్కడివాళ్లు ఈసడించారు. 1891 మార్చి 14. న్యూ ఆర్లీన్స్. అంతకుముందు ఏడు అక్కడి పోలీసు అధిపతిని ఎవరో చంపారు. ఇటాలియన్లను పట్టి విచారించారు. నేరం రుజువు కాలేదని కోర్టు కొందరిని విడిచిపెట్టింది, కొందరి విషయం జ్యూరీ తేల్చలేకపోయింది. మర్నాడు, అంటే ఆ 14న, వేలమంది గుమిగూడి జైలు తలుపు పగలగొట్టారు. 11 మందిని చంపారు. పదకొండు మంది. ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. ఆ తరవాతి ఏడు, 1892లో, అధ్యక్షుడు హారిసన్ కొలంబస్ వచ్చి 400 ఏళ్లయిన సందర్భంగా అక్టోబరు 21న దేశమంతా పండుగ జరుపుకోమని ప్రకటన ఇచ్చాడు. మీ పిల్లలు పొద్దున్నే బళ్లో గుండె మీద చెయ్యి పెట్టుకుని చదువుతారే, జెండా ప్రతిజ్ఞ, అది రాసింది ఆ పండుగ కోసమే.

ఆ ఇటాలియన్లకు కొలంబస్ అంటే ఏమిటి? మేమూ ఇక్కడివాళ్లమే, మీకంటే ముందే మావాడు వచ్చాడు అని చెప్పుకోవడానికి దొరికిన ఒక పేరు. అంతే. మువ్వ సంగతి వాళ్లకు తెలియదు. 1907లో కొలరాడో రాష్ట్రం మొదటిసారి చట్టం చేసి సెలవు ఇచ్చింది. 1942లో, యుద్ధం నడుస్తుండగా, ఇక్కడున్న ఇటలీ పౌరులను శత్రు దేశస్థుల జాబితాలోంచి తీసేస్తున్నామని ప్రభుత్వం ఏ రోజు ప్రకటించిందో తెలుసా? అక్టోబరు 12న. ఏరి కోరి ఆ రోజున. 1968లో చేసిన చట్టంతో 1971 నుంచి ఇది దేశమంతటికీ అక్టోబరు రెండో సోమవారం సెలవు అయింది.

ఆ తాతల కన్నీళ్లు నిజం. మనకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? దీపావళికి న్యూయార్క్ నగరం బళ్లకు సెలవిస్తూ 2023 నవంబరులో చట్టం మీద సంతకం పెట్టినప్పుడు మీ ఫోన్లలో ఎన్ని మెసేజీలు తిరిగాయి? మా అమ్మాయి ఇండియాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఒక్క రోజు సెలవు. దానికి అంత సంతోషం ఎందుకు? మన పేరు వాళ్ల క్యాలెండరులో ఎక్కిందని. మీరూ మావాళ్లే అని ఊరు అన్నదని. అదే కదా ఇటాలియన్లు అడిగింది. కాబట్టి ఆ సెలవు తీసేస్తామంటే వాళ్లకు గుండెలో పొడిచినట్టుంటుంది. వాళ్లను తప్పుపట్టకండి.

కానీ నా బాధ వినండి. ఒకరి అవమానం తీరడానికి ఇంకొకరి గాయం మీద పీట వేసి కూర్చోబెట్టాలా? కొలరాడో ఏం చేసిందో చూడండి. మొదట చట్టం చేసిన రాష్ట్రమే 2020లో కొలంబస్ డే తీసేసింది. తీసేసి ఊరుకోలేదు. ఆ స్థానంలో ఫ్రాన్సెస్ కబ్రినీ పేరు పెట్టింది. ఎవరావిడ? ఇటలీ నుంచి వచ్చిన సన్యాసిని. వలస వచ్చిన కూలీల పిల్లలకు బళ్లు, అనాథాశ్రమాలు, ఆసుపత్రులు కట్టింది. డెన్వర్‌లో అనాథాశ్రమం పెట్టింది, గని కార్మికుల మధ్య తిరిగింది. ఇటలీ బిడ్డే, వలస వచ్చిన మనిషే. ఆవిడకు దండం పెడితే ఎవరి ఒళ్లు మండుతుంది? నాకు తెలిసి ఈ తగువులో ఇంత ఒద్దికగా తీర్పు చెప్పిన చోటు ఇంకోటి లేదు.

ఇంకో అభ్యంతరం. ఇలా వెతుక్కుంటూ పోతే ఎవరు మిగులుతారు మాస్టారూ, వాషింగ్టన్ దగ్గర బానిసలు లేరా అంటారు. ఉన్నారు. ఈ దేశంలో 11 కేంద్ర సెలవులుంటే, క్రిస్మస్ పక్కన పెడితే, మనుషుల పేరున ఉన్నవి మూడే: వాషింగ్టన్, మార్టిన్ లూథర్ కింగ్, కొలంబస్. ముగ్గురిలో కొలంబస్ ఈ 50 రాష్ట్రాల్లో దేని మీదా కాలు పెట్టలేదు, అది వేరే సంగతి. వాషింగ్టన్‌కు ఏ పనికి దండం పెడుతున్నారు? సైన్యం నడిపినందుకు, రెండుసార్లు అధ్యక్షుడయ్యాక అధికారం వదిలి ఇంటికి వెళ్లినందుకు. బానిసలను ఉంచుకున్నందుకు కాదు. ఆ పాపం ఆ పని పక్కన ఉంది, పక్కన ఉన్నదాన్ని చెప్పుకోవాలి, దాచకూడదు. కొలంబస్‌కు ఏ పనికి పెడుతున్నారు? వచ్చి దిగినందుకు, నేల తనదన్నందుకు. గాయం ఆ పనిలోనే ఉంది. ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు, తరవాత మాట్లాడుకుందాం.

సరే, మిరపకాయ. గుంటూరు వాణ్ణి, మిరపకాయ మాట రాకుండా ఎలా? కొలంబస్ లేకపోతే మనకు మిరపకాయ ఎక్కడిది అని మా ఊళ్లో ఒక రైతు నన్ను అడిగాడు. నిజమే. నన్నయ వంటింట్లో మిరపకాయ లేదు. శ్రీనాథుడి వంటింట్లో లేదు. వాళ్లు తిన్న కారం మిరియాల కారం. మిరప అనే పేరులోనే మిరియం ఉంది కదా. మిరప, వేరుశెనగ, మొక్కజొన్న, టమాటా, పొగాకు, జీడిమామిడి, సీతాఫలం, ఇవన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే, చాలావరకు పోర్చుగీసువాళ్ల ఓడల్లో. ఆ అప్పు నేను కాదనను. మా యార్డులో ఎర్రగా పరిచిన బస్తాలు చూస్తూ పెరిగాను నేను, కళ్లు మండుతుంటే తువ్వాలు ముఖానికి చుట్టుకుని బడికి వెళ్లాను.

కానీ ఆ మిరపను అడవి మొక్క నుంచి తోట పంట చేసింది ఎవరు? మెక్సికోలో వేల ఏళ్లు గింజ ఏరి, ఏరి నాటిన రైతులు. మొక్కజొన్నను గడ్డిపరక లాంటి మొక్కలోంచి పొత్తు దాకా తెచ్చింది ఎవరు? వాళ్లే. కొలంబస్ 1493 జనవరిలో మిరపను చూసి, వీళ్ల అహీ మన మిరియం కంటే మేలైనది అని రాసుకున్నాడు. అహీ, అది టైనోల మాట. బొప్పాయి అంటున్నామే, ఆ మాట కరీబియన్ దీవుల భాష నుంచి పోర్చుగీసువాళ్ల నోట మన దాకా వచ్చింది. అనాస అనేది బ్రెజిల్ మూలవాసుల మాట. తెలియకుండానే మనం వాళ్ల భాష మాట్లాడుతున్నామండీ, రోజూ, కూరగాయల బండి దగ్గర! పంటకు దండం పెట్టాలంటే పండించినవాడికి పెట్టాలా, ఓడ ఎక్కించినవాడికి పెట్టాలా? రైతుల బిడ్డలు మీరు, మీరే చెప్పండి.

ఇదే మన దగ్గర జరిగిందనుకోండి. వాస్కో ద గామా 1498 మే 20న కాలికట్ చేరాడు. 1502లో మళ్లీ వచ్చాడు. మక్కా యాత్ర చేసి తిరిగి వస్తున్న మీరీ అనే ఓడను పట్టుకున్నాడు. అందులో వందల మంది, ఆడవాళ్లు, పసిపిల్లలు. తల్లులు బిడ్డలను పైకెత్తి చూపించి వేడుకున్నారని ఆ నౌకాదళంలో ఉన్న పోర్చుగీసు మనిషే రాశాడు. ఓడను తగలబెట్టారు. ఇప్పుడు మే 20న భారతదేశమంతటా వాస్కో ద గామా డే, బ్యాంకులకు సెలవు, బళ్లలో పిల్లలు పాటలు పాడాలి అంటే మీరు ఒప్పుకుంటారా? కాలికట్ వాళ్లు ఒప్పుకుంటారా? 1998లో 500 ఏళ్ల వేడుక మాట ఎత్తితేనే కేరళలో, గోవాలో నిరసనలు లేచాయి. అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంటూరులో ఆగుతుంది, బోర్డు మీద వాస్కో ద గామా అని ఉంటుంది, గోవాలో ఆ పేరున ఊరుంది. ఊరి పేరు ఉండనివ్వండి, టికెట్ కొనుక్కుని ఎక్కుతాం, దిగుతాం. ఊరి పేరు మనల్ని తల వంచమని అడగదు. సెలవు అడుగుతుంది. సెలవంటే ప్రభుత్వం జనం అందరి తరఫునా పెట్టే దండం. అందులో నష్టపోయినవాడి మనవడి చేతులు కూడా కలిపి పెట్టిస్తారు. నా పేచీ అంతా అక్కడే.

పరాయివాడికి దండం పెట్టకూడదని కాదు సుమా. మన గోదావరి జిల్లాలు లేవూ? కాటన్ దొర ఎవరు? ఇంగ్లీషు వాడు, కంపెనీ సైన్యంలో ఇంజనీరు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు. కంపెనీకి శిస్తు పెరిగింది, అదీ నిజమే. అయినా ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి, మే 15న దండలు వేస్తారు. ఎవరు వేస్తున్నారు? ఆ కాలవ నీళ్లు ఎవరి చేలోకి వచ్చాయో వాళ్లు. ఎవరూ ఆజ్ఞ వేయలేదు. అది అనుభవించినవాళ్లు పెట్టిన దండం. మరి కొలంబస్ దిగిన నేల మీద అనుభవించినవాళ్లను ఎవరయినా అడిగారా?

వాళ్లు లేరు కదా, అంతరించిపోయారు కదా అనకండి. నేనూ అలాగే చెప్పేవాణ్ణి క్లాసులో. పోర్టోరికోలో జనం తల్లివైపు వంశాన్ని పరీక్షించి చూస్తే పదిమందిలో ఆరుగురికి మూలవాసుల రక్తం తేలింది. మేం టైనోలమే అని చెప్పుకుంటున్నవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఈ దేశంలో మూలవాసులు 1977లోనే జెనీవా సభలో ఈ రోజు పేరు మార్చమని అడిగారు. 1990లో సౌత్ డకోటా మార్చింది, 1992లో బర్క్‌లీ నగరం మార్చింది, 2019లో మెయిన్, వెర్మాంట్, న్యూ మెక్సికో మార్చాయి. 2021లో మొదటిసారి ఒక అధ్యక్షుడు మూలవాసుల దినం అని ప్రకటన ఇచ్చాడు, అదే రోజుకు కొలంబస్ డే ప్రకటన కూడా ఇచ్చాడు. ఇంకా తేలలేదు.

కొలంబస్ తప్పు లెక్క వల్ల మనకూ ఒక ముడి పడింది, గమనించారా? జనాభా లెక్కల ఫారంలో మీరు ఏ గడిలో టిక్కు పెడతారు? ఏషియన్ ఇండియన్. ఉత్త ఇండియన్ అని ఎందుకు లేదు? ఆ పేరు అప్పటికే ఇంకొకరికి పెట్టేశారు కాబట్టి. మన దేశం వైపు బయలుదేరి, దారిలో దొరికినవాళ్లకు మన పేరు పెట్టాడు. చనిపోయేదాకా తాను చేరింది ఆసియా అంచే అనుకున్నాడు. వాళ్ల పేరు పోయింది, మన పేరుకు ముందు తోక తగిలింది.

మీరుంటున్న ఈ నేల లెనాపే ప్రజలది. పార్సిపనీలో ఎంతమంది ఉంటున్నారు ఇక్కడ? హాకెన్‌సాక్ నుంచి ఎవరు వచ్చారు? రారిటన్ వంతెన దాటి ఎంతమంది వచ్చారు? ఇవన్నీ లెనాపే మాటలు. రోజూ జీపీఎస్‌లో కొడుతున్నారు. ఆ మాటలు పలికినవాళ్లను ఇక్కడి నుంచి తోసుకుంటూ తోసుకుంటూ పోయి ఓక్లహోమా దాకా తోశారు. వాళ్ల వారసులు అక్కడున్నారు, కెనడాలో ఉన్నారు. రేపు సెలవున్నవాళ్లు పిల్లలను కూర్చోబెట్టుకుని మ్యాపులో ఆ పేర్లు వెతకండి. నేను తెచ్చిన మ్యాపు అదిగో, ఆ గోడ మీద ఉంది, లెనాపే పేర్లకు ఎర్ర సిరాతో గీతలు పెట్టాను. గ్వానహాని ఎక్కడో కూడా గుర్తు పెట్టాను. టీ తాగుతూ చూడండి. అడగాలనుకున్నవాళ్లు అక్కడికే రండి, నాతో పేచీ ఉన్నవాళ్లు ముందు రండి.

ఆ మువ్వ ఎవరి దగ్గర ఆగింది? మీ దగ్గరా బాబూ? ఇటు పంపించండి. దాన్ని మళ్లీ గజ్జెకు కట్టాలి, సాయంత్రం పాపకు డాన్సు క్లాసు ఉంది.